మ్యాపు పరిశీలన ఫీజు పెంచండి, కానీ మ్యాపు చూడండి

మహా విశాఖ నగర పాలక సంస్థ కమిషనర్ గారికి, విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) మెట్రోపాలిటన్ కమిషనర్ గారికి నమస్కారాలు.

ఫీజులు తగ్గించమని మీకు రోజూ వినతిపత్రాలు వస్తూనే ఉంటాయి. నేను మాత్రం ఒక ఫీజు పెంచమని రాస్తున్నాను. లేఅవుట్‌కో, సబ్ డివిజన్‌కో దరఖాస్తు పెట్టుకున్నప్పుడు దాంతోపాటు ఇచ్చే సర్వే మ్యాపు సరిగ్గా ఉందో లేదో చూసినందుకు కట్టించుకునే ఫీజు అది. నేను ప్రైవేటు సర్వేయర్ని. మధురవాడ, ఆనందపురం, పెందుర్తి వైపు నా పని. ఈ ఉత్తరం చదివితే నా దగ్గరికొచ్చే పార్టీల్లో సగంమంది మొహం చిట్లిస్తారు. ఆ ఫీజు కట్టేది వాళ్లే మరి. అయినా రాయక తప్పడం లేదు.

ఒక లేఅవుట్ ఫైలుకి కట్టే చలానాలు వరసగా చూస్తే విషయం అర్థమవుతుంది. డెవలప్‌మెంట్ చార్జీలు పెద్ద మొత్తం. భూ వినియోగ మార్పిడి ఉంటే అదో పెద్ద మొత్తం. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ నిబంధనల్లో, లేఅవుట్‌లో పార్కు జాగా వదలని పాపానికి ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. వీటి పక్కన మ్యాపు పరిశీలనకు పడేది చిల్లర. చిల్లర ఫీజుకి చిల్లర పనే జరుగుతుంది. మ్యాపు మీద సంతకం పడుతుంది, మ్యాపు చూసినవాడు మాత్రం ఉండడు.

బయటివాళ్లకు ఈ పరిశీలన అంటే స్టాంపు వేయడంలా కనిపిస్తుంది. అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఆనందపురం వైపు ఐదెకరాల లేఅవుట్ ఫైలు ఒకటి వచ్చిందనుకోండి. మూడు నాలుగు సర్వే నెంబర్లలో ముక్కలుగా కొన్న జిరాయితీ భూమి, అంటే రైతుల సొంత పట్టా భూమి. దస్తావేజులు, అడంగల్, వన్‌బీ అనే రెవెన్యూ రికార్డులు, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నెంబరు హద్దులూ కొలతలూ గీసి ఉండే పుస్తకం) కాపీలు, అన్నీ కలిపి గీసిన కంబైండ్ స్కెచ్, పైన నేల మీద ఉన్నవన్నీ చూపించే టోపో ప్లాను. చూసేవాడు ముందు దస్తావేజుల్లోని విస్తీర్ణాలు కూడి స్కెచ్‌తో సరిపోల్చాలి. ఆ తర్వాత ఎఫ్‌ఎంబీ తీయాలి. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకు అంటే ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ, వంద లింకులైతే చైను, అంటే 66 అడుగులు. వాటిని మీటర్లలోకి మార్చి, కొలతలకు ఆధారమైన జీ లైను వేసుకుని, దాన్నుంచి పక్కకు తీసిన ఒక్కో కొలత (ఆఫ్‌సెట్) పెట్టుకుంటూ మళ్లీ గీస్తే, ఆ ఎఫ్ లైన్లు, అంటే సర్వే నెంబరు హద్దు గీతలు, కొత్త మ్యాపు హద్దుల మీద కూర్చోవాలి. కూర్చోలేదంటే ఎక్కడో ఏదో జరిగింది. గెట్టు జరిగిందా, కాపీ చేసినవాడు 3ని 8గా చదివాడా, లేక అమ్మినవాడు తనకు లేని పది సెంట్లు కలిపి అమ్మాడా అన్నది తేల్చాలి.

అది అయ్యాక పక్క లేఅవుట్ మ్యాపు తెప్పించి పక్కపక్కన పెట్టాలి. పక్కవాడి నలభై అడుగుల రోడ్డు సూటిగా వచ్చి మనవాడి ప్లాటు ప్రహరీ గోడకు గుద్దుకుంటే రెండు మ్యాపులూ విడివిడిగా కరెక్టే, కలిపి చూస్తే తప్పు. శివార్లలో ఇలాంటి రోడ్లు ఎన్ని ఉన్నాయో స్కూల్ బస్సు డ్రైవర్ని అడిగినా చెప్తాడు. ఆ తర్వాత గెడ్డ, అంటే వాగు. రెవెన్యూ మ్యాపులో గెడ్డ ఉంటుంది, టోపో ప్లానులో సన్నని గీత ఉంటుంది, లేఅవుట్ మ్యాపుకి వచ్చేసరికి అది పదడుగుల డ్రెయిన్ అయిపోతుంది. గట్టి వాన పడ్డ రోజున నీళ్లు రెవెన్యూ మ్యాపు ప్రకారమే నడుస్తాయి.

ఇదంతా ఆఫీసులో శ్రద్ధగా చేస్తే ఒక రోజు పని. ఫీల్డుకి వెళ్లి రాళ్లు చూసుకొస్తే ఇంకో రోజు. ఆన్‌లైన్‌లో డ్రాయింగ్ పెడితే సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది కదా అంటారు. చూస్తుంది, రోడ్డు వెడల్పు సరిపోయిందా, పార్కు శాతం వచ్చిందా అని. అది గీతను రూల్‌తో పోలుస్తుంది. ఆ గీత నేల మీద ఉందో లేదో దానికి తెలియదు.

పైగా మన ఊళ్లో కొండలున్నాయి. ఎండాడ, మధురవాడ, కొమ్మాది వైపు చదును భూమి అయిపోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు లేఅవుట్లు కొండవాలు ఎక్కుతున్నాయి. టేపు వాలు వెంబడి పరిచి కొలిస్తే వచ్చే దూరం వేరు, మ్యాపు మీద ఉండాల్సిన దూరం వేరు. మ్యాపుకి ఎప్పుడూ అడ్డంగా, సమతలంగా ఉన్న దూరమే లెక్క. పది డిగ్రీల వాలు మీద వంద మీటర్లు కొలిస్తే అసలు దూరం 98.5 మీటర్లే. పదిహేను డిగ్రీలైతే 96.6 మీటర్లు. వినడానికి చిన్న తేడా. ఐదెకరాలంటే 24,200 గజాలు. ఆ పదిహేను డిగ్రీల వాలు మీద పై నుంచి కిందికి ఉన్న కొలతలన్నీ టేపుతో తీస్తే సుమారు 820 గజాలు కాగితం మీద ఉంటాయి, నేల మీద ఉండవు. అంటే 200 గజాల ప్లాట్లు నాలుగు. టోటల్ స్టేషన్ అనే ఎలక్ట్రానిక్ సర్వే మిషను పెట్టినవాడికి ఈ బాధ లేదు, ఆ మిషనే సమతల దూరం ఇచ్చేస్తుంది. కానీ టేపు కొలతలు తెచ్చి కంప్యూటర్‌లో అందంగా గీసి పంపే మ్యాపులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రం మీద మౌసుతో గీతలు గీసి తెచ్చినవీ చూశాను. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. చూసేవాడు ఫీల్డ్ డేటా ఫైలు అడిగితే తప్ప తేడా బయటపడదు.

ఈ తేడా ఎక్కడ తేలుతుందో చెప్తాను. ఒక లేఅవుట్‌లో ఇల్లు కట్టుకోవడానికి మార్కింగ్ ఇవ్వమంటే వెళ్లాం. ప్లాటు వరసలో ఆఖరిది. శంకుస్థాపన ముహూర్తం కూడా అదే పూట పెట్టుకున్నారు. పంతులుగారు వచ్చేశారు, కుర్చీలు వేశారు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమ సిద్ధంగా ఉన్నాయి. మేం వరస మొదటి రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చాం. ముందున్న ప్లాట్లన్నీ నిండుగా ఉన్నాయి, అప్పటికే కొన్నింట్లో గోడలు లేచాయి. ఆఖరి ప్లాటుకి 40 అడుగుల ముఖం ఉండాలి. పక్క లేఅవుట్ ప్రహరీ తగిలేసరికి 31 అడుగులు మిగిలింది. లోతు 45 అడుగులు. దస్తావేజులో 200 గజాలు, నేల మీద 155. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న మనిషి ఆయన. టేపు మళ్లీ పట్టమన్నారు, పట్టాం. ఇంకోసారి పట్టమన్నారు. వరస మొత్తం తరుగు ఆఖరివాడి నెత్తినే పడుతుంది, ఎందుకంటే ముందు కట్టుకున్నవాళ్లు ఎవరికి వాళ్లు తమ 40 అడుగులు తీసేసుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల కాగితాల్లోనూ 40 అనే ఉంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఎఫ్ లైన్‌కి దరఖాస్తు పెడతారు. సర్వేయరు వచ్చి సర్వే నెంబరు హద్దులు చూపిస్తాడు, లేఅవుట్ లోపలి ప్లాట్ల సంగతి తన పరిధి కాదంటాడు. లేఅవుట్ వేసినవాడు ఆఫీసు మార్చేసి ఉంటాడు. పక్కవాళ్ల మీద ఇంజంక్షన్‌కి కోర్టుకెళ్తారు. కోర్టు అడ్వకేట్ కమిషనర్ని వేస్తుంది, ఆయన ఒక సర్వేయర్ని వెంటబెట్టుకుని వస్తాడు, ఆయన ఫీజూ ఈ మనిషే కట్టాలి. మ్యాపు సంతకానికి వచ్చిన రోజు ఒక్క రోజు కూర్చుని కూడికలు చేసుంటే అక్కడే తేలిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. గొడ్డలి ఖర్చు ఆఫీసుది కాదు కాబట్టి ఆఫీసుకి తెలియదు.

వేరే ఊళ్లతో పోలిస్తే విశాఖలో ఈ పని బరువు ఎక్కువ. చుట్టుపక్కల గ్రామాలు చాలావరకు ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వాటి రికార్డులు రైత్వారీలోకి వచ్చాయి. ఇనాంలు (ఒకప్పుడు దానంగా ఇచ్చిన భూములు), డి-పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), జిరాయితీ, కొండ పోరంబోకు (ప్రభుత్వ భూమి) పక్కపక్కనే ఉంటాయి. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల గొడవ ఎన్నేళ్లుగా నలుగుతోందో చిన్నపిల్లలకీ తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక 'రికార్డులు తుపానులో పోయాయి' అన్న మాట ఎన్నిసార్లు విన్నామో. భూ రికార్డుల తారుమారు మీద 2017లో ఒక సిట్ వేశారు, 2019లో ఇంకో సిట్ వేశారు. 2020 డిసెంబర్‌లో రాష్ట్రమంతా రీసర్వే మొదలైంది. డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు వచ్చాయి, ఎఫ్‌ఎంబీ స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాపులు (ఎల్‌పీఎంలు) వచ్చాయి, వాటితో పాటు పలువురి భూమిని ఒకే మ్యాపులో కలిపేసిన జాయింట్ ఎల్‌పీఎంల తలనొప్పీ వచ్చింది. ఇప్పుడు ఒకే భూమికి దస్తావేజులో ఒక విస్తీర్ణం, పాత ఎఫ్‌ఎంబీలో ఒకటి, కొత్త ఎల్‌పీఎంలో ఒకటి. లేఅవుట్ మ్యాపు దేన్ని పట్టుకుని గీశారో చూడాల్సిన బాధ్యత ఇదివరకటి కంటే రెట్టింపైంది. ఫీజు మాత్రం ఇదంతా లేనప్పటి లెక్కలోనే ఉంది.

చెప్పకుండా ఉండలేకపోతున్నాను. బ్రిటిష్ హయాంలో దేశాన్ని కొలిచిన గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేవాళ్లు 1862-63లో విశాఖపట్నం దగ్గర, మిగతా కొలతలకు ఆధారంగా ఉండే ఒక బేస్‌లైన్ కొలిచారు. కొన్ని మైళ్ల పొడవున్న ఒకే ఒక్క గీత. ఎండకు కడ్డీ సాగితే కొలత చెడిపోతుందని ఇనుమునీ ఇత్తడినీ జత చేసి, ఒకదాని సాగు ఇంకోదాంతో సరిపెట్టే పరికరం వాడారు. తెల్లదొరలు మన మీద ప్రేమతో చేశారని కాదు, వాళ్ల శిస్తు వాళ్లకు ముఖ్యం. అయినా ఒక గీత కోసం అంత జాగ్రత్త పడ్డ ఊళ్లో ఇవాళ ఐదెకరాల మ్యాపుకి కూడిక సరిచూసే తీరిక లేదు.

ఇక ఫీజు సంగతి. పన్ను వేరు, ఫీజు వేరు అని సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో చెప్పింది. పన్ను కట్టినవాడికి ఫలానా పని చేసిపెట్టాలని లేదు. ఫీజు కట్టించుకుంటే దానికి తగ్గ సేవ ఉండాలి. ఆ లెక్కన పరిశీలన చేయకుండా పరిశీలన ఫీజు తీసుకోవడం అది పది రూపాయలైనా తప్పే. చేసిన పరిశీలనకు అయిన ఖర్చు రాబట్టుకోవడం అది వేలల్లో ఉన్నా తప్పు కాదు. మన పిల్లలు వెళ్లి ఇళ్లు కొనుక్కుంటున్న కాలిఫోర్నియాలో లేఅవుట్ మ్యాపు రికార్డుకి ఎక్కాలంటే కౌంటీ సర్వేయరో, సిటీ ఇంజనీరో చూసి తన పేరు మీద సంతకం పెట్టాలి. ఆ ఫీజు పనికి అయ్యే సహేతుకమైన ఖర్చును మించకూడదని అక్కడి చట్టం. ఆ రెండోదీ మనకు కావాలి.

కాబట్టి పెంచమంటున్నది గుడ్డిగా పెంచమని కాదు. అన్నదమ్ములు నాన్న స్థలం పంచుకుని రెండు ముక్కల సబ్ డివిజన్‌కి వస్తే వాళ్ల దగ్గర ఇప్పుడున్నదే తీసుకోండి, వీలైతే తగ్గించండి. నాలుగు గీతల మ్యాపు అది, గంటలో తేలిపోతుంది. అసలు భారం లేఅవుట్ల మీద వేయండి. అక్కడ కూడా ఎకరానికి ఇంత అని గంపగుత్తగా కాదు. చదునుగా ఉండి ఒకే సర్వే నెంబరులో ఉన్న పదెకరాల కంటే, కొండవాలు మీద నాలుగు సర్వే నెంబర్లలో, మధ్యలో గెడ్డ పారుతున్న మూడెకరాలు చూడటం కష్టం. ఫీజు పనిని బట్టి ఉండాలి. సర్వే నెంబర్లు ఎన్ని, వాలు ఉందా, గెడ్డగానీ చెరువుగానీ ఆనుకుని ఉందా, రీసర్వే అయిన గ్రామమా అన్నవి చాలు, శ్లాబులు కట్టడానికి.

షార్ట్‌ఫాల్స్, అంటే ఫైలులో ఆఫీసు చూపించే లోపాల గురించి మాత్రం ప్రత్యేకంగా అడుగుతున్నాను. మా పని చేసేవాళ్లందరి టెన్షన్ అక్కడే. ఏ ఒక్క ఆఫీసు అని కాదు, ఎక్కడైనా ఇదే వరస. మొదటిసారి ఒక లోపం చూపిస్తారు. అది సరిచేసి పంపితే రెండోది చూపిస్తారు. అది మొదటిసారి కూడా అక్కడే ఉంది, అప్పుడు ఎవరికీ కనపడలేదు. అలా తిరుగుతుండగా పార్టీకి ఒక విషయం అర్థమవుతుంది, చలానాలో లేని ఖర్చు ఇంకోటి ఉందని. పైకి ఫీజు తక్కువగా కనిపించే చోట లోపలి ఖర్చు ఎంత ఉంటుందో అందరికీ తెలిసిందే. పెంచిన ఫీజులో మొదటి పరిశీలన, సరిచేసిన మ్యాపు మళ్లీ చూడటం, ఫీల్డు తనిఖీ మూడూ కలిపేయండి. లోపాలన్నీ ఒకేసారి, ఒకే కాగితం మీద ఇవ్వాలి. ఆఫీసు చూపిన తప్పును మా సర్వేయరు దిద్దకుండానే మళ్లీ పంపితే అప్పుడు అదనంగా వేయండి, మా చేతే కట్టించండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆఫీసు ముందు చూడనిది తర్వాత చూసినందుకు మళ్లీ చలానా తీయమంటే ఒప్పుకోం.

ఇంకోటి, డబ్బు ఎటు పోతుందన్నది. మ్యాపు పరిశీలన ఫీజు జనరల్ ఫండ్‌లో కలిస్తే డివైడర్ మధ్య మొక్కలకో, బీచ్ రోడ్డు లైట్లకో పోతుంది. అవీ కావాలి, కానీ వాటికి వేరే పద్దులున్నాయి. ఈ డబ్బుని వేరే పద్దు కింద ఉంచి దాంతో సర్వేయర్లనీ, డ్రాఫ్ట్స్‌మెన్‌నీ పెట్టండి. వార్డు సచివాలయం ప్లానింగ్ సెక్రటరీ చేత సర్వే మ్యాపు చూపించడం ఆ పిల్లలకు కూడా అన్యాయం. ఎఫ్‌ఎంబీ చదవడం ఒక విద్య, ఒకపూట ట్రైనింగ్‌లో వచ్చేది కాదు. చూసినవాడి పేరు మ్యాపు మీద ఉండాలి. ఆమోదించిన మ్యాపు మూల రాళ్ల కోఆర్డినేట్లతో సహా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. అప్పుడు ప్లాటు కొనేవాడు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఏ సర్వేయర్నో తీసుకెళ్లి రాయి చూసుకుంటాడు.

పెంచితే ఆ భారం కొనేవాళ్ల మీదే వేస్తారని అంటారు. వేస్తారు, సందేహం లేదు. ఎంత వేస్తారో లెక్క చూద్దాం. ఐదెకరాల లేఅవుట్‌కి ఫీజు ఏకంగా 50 వేలు పెంచారనుకుందాం. రోడ్లూ, పార్కూ పోను అమ్మకానికి 13 వేల గజాల పైచిలుకు మిగులుతుంది. గజానికి నాలుగు రూపాయల లోపు. 200 గజాల ప్లాటుకి సుమారు 750 రూపాయలు. బ్రోచర్‌లో రంగుల గేటుకి వేసే ఖర్చు కంటే తక్కువ. ఆ 750 కట్టి 45 గజాలు పోకుండా చూసుకునే అవకాశం ఉందంటే వద్దనే కొనుగోలుదారుని నేను ఇంతవరకు చూడలేదు.

ఫీజు పెరిగితే అనుమతి లేని లేఅవుట్లు ఎక్కువవుతాయన్న భయం నాకూ ఉంది. దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అనుమతి లేకుండా వేసేవాడు ఈ ఫీజు చూసి పారిపోయినవాడు కాదని మాత్రం తెలుసు. వాడు పారిపోయేది డెవలప్‌మెంట్ చార్జీలు చూసి, పార్కు వదలాల్సిన జాగా చూసి, ఫైలు ఎన్ని నెలలు తిరుగుతుందో చూసి. ఫైలు తిరగడం తగ్గితే అలాంటివాళ్లలో కొందరైనా అనుమతి తీసుకోవడానికి వస్తారు.

ఫీజుల్లో చాలావరకు రాష్ట్ర ప్రభుత్వ జీవోలతోనే మారతాయని తెలుసు. అయినా ప్రతిపాదన వెళ్లాల్సింది మీ ఇద్దరి దగ్గర్నుంచే. అది రాసే ముందు సర్వే శాఖ జిల్లా అధికారులనీ, నగరంలో పనిచేస్తున్న ప్రైవేటు సర్వేయర్లనీ, ప్లాన్లు గీసి పెట్టే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్లనీ (ఎల్‌టీపీలనీ), ప్లాట్ల ఓనర్ల సంఘాలవాళ్లనీ ఒక పూట కూర్చోబెట్టండి. ఇదివరకు ఆమోదం పొందిన లేఅవుట్లలో ఏవైనా పది తీసి, మ్యాపునీ నేలనీ పక్కపక్కన పెట్టి చూద్దాం. రోవర్ మాది తెచ్చుకుంటాం, మనుషుల్నీ మేమే పెట్టుకుంటాం. ఎన్నింట్లో ఆఖరి ప్లాటు తగ్గిందో లెక్క తేలాక, ఫీజు ఎంత ఉండాలో ఆ లెక్క మీదే మాట్లాడుకుందాం. రోజు మీరు చెప్పండి, వర్షాలు మొదలవకముందు అయితే కొండ ఎక్కడం తేలిక.

ఇట్లు,
విశాఖపట్నంలో పనిచేస్తున్న ఒక ప్రైవేటు సర్వేయరు